అర బిళ్ళ

రాత్రి రెండున్నరకి అమ్మ లేచి
పెద్ద జాలరిపేట మొత్తానికి వినపడేలా పాట మొదలెడుతుంది.
"కోనాం నలభై! నలభై! ఎవులున్నారు?"
మంచం పట్టీ మీద అరచేత్తో కొట్టి
లేని తట్టని ముందుకి తోస్తుంది.
ముప్పయ్యారేళ్ళు ఫిషింగ్ హార్బర్లో వేలం పాడిన గొంతు.
నూకరత్నం పాట పాడితే లారీలోళ్ళు బేరమాడ్డం మానేసేవారట.
నా పేరు పోయింది, మా నాన్న పోయిన సంగతి పోయింది,
ధరలు మాత్రం పోలేదు.
ఆ ధరకి ఇప్పుడు కవ్వళ్ళు కూడా రావు.

తలుపు గడియ వేస్తే నేను దొంగని.
"నా తట్ట దాసినావు, ఒలే, నువ్వెవులే?"
జుట్టు పట్టుకుని వంచేసింది మొన్న.
తమ్ముడి చెయ్యి కొరికింది.
ఆ చేత్తోనే వాడు మర్నాడు వల లాగాలి.
పుండుకి ఉప్పునీళ్ళు తగిలి వచ్చినోడు
అమ్మని ఒక్క మాటా అనలేదు, నన్నే అన్నాడు.

మహారాణిపేటలో డాక్టరమ్మ
ముందు ఒంట్లో నొప్పేమైనా ఉందేమో చూద్దామంది.
ఉచ్చ పరీక్ష, రక్త పరీక్ష, పళ్ళు.
రిపోర్టులన్నీ బావున్నాయి.
బాగోకుండా ఉంటే బావుణ్ణనుకున్నాను.
అప్పుడు చీటీ రాసింది.
"నిద్ర పడుతుంది. తూలి పడొచ్చు కూడా.
ఈ వయసులో పక్షవాతం భయం కాస్త పెరుగుతుంది.
వెయ్యకపోతే..."
నా మెడ మీద గోళ్ళ గీతలు చూసి ఆగింది.
"మీరే ఆలోచించుకోండి."
మీరే.
ఆ మాట ఎంత బరువో
జగదాంబ దగ్గర సిగ్నల్ పడి ఆటో ఆగినప్పుడు తెలిసింది.

ఇంట్లో మళ్ళీ వేలం.
తమ్ముడు ఒకటన్నాడు.
మరదలు ఒకటిన్నర అంది, పిల్లల పరీక్షలంది.
నేను అసలొద్దన్నాను,
అన్నందుకు రెండు రాత్రులు నేనే కాపలా కూర్చున్నాను.
మూడో రోజు ఒకటి దగ్గర పాట ఖాయమైంది.

అరటిపండులో కుక్కాను.
చేప పొట్టలో ఐసు ముక్క పెట్టి తూకం పెంచినోణ్ణి
ఒక్క వేలు వేసి పట్టేసే మనిషి,
నా అరటిపండుని నమ్మింది.

పగలు పదకొండయినా లేవలేదు.
దవడ వారగా చొంగ.
పిలిస్తే కళ్ళు వచ్చాయి గానీ
వాటి వెనక ఎవరూ రాలేదు.
దొడ్లోకి తీసుకెళ్తుంటే
తడిసిన వలలా నా భుజం మీద వేలాడింది.
ఆ రాత్రి ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే
సముద్రం ఇంత చప్పుడు చేస్తుందని
నాకు నలభై రెండేళ్ళకి తెలిసింది.
తమ్ముడు నోరు తెరుచుకుని పడుకున్నాడు,
కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని.
ఆ నిద్రని ఎలా తప్పు పట్టను?

ఫోన్ చేస్తే డాక్టరమ్మ సగం వేసి చూడమంది,
రెండు వారాలయ్యాక మళ్ళీ తీసుకురమ్మంది.
అంత చిన్న బిళ్ళ.
కత్తిపీట మీద పెడితే ఎగిరి మంచం కింద పడింది.
బ్లేడుతో కోశాను.
ఒక ముక్క పెద్దదొచ్చింది, ఒకటి చిన్నది.
ఏది ఇవ్వాలో తేలక వంటగదిలో నిలబడి
రెంటినీ మార్చి మార్చి చూశాను.

ఈసారి అరటిపండు లేదు.
"అమ్మా, ఇది రాత్రి నిద్రకి," అని చేతిలో పెట్టాను.
వేళ్ళతో నొక్కింది. వాసన చూసింది.
"ఐసు లేదు దీనికి. నిన్నటి సరుకు."
అయినా వేసుకుంది. నీళ్ళు తాగింది.
చెయ్యి మళ్ళీ చాపింది.
"దీని రెండో ముక్కేదే?"
"అమ్మేశానమ్మా."

ఆ కళ్ళలోకి ఒక్క క్షణం ఎవరో వచ్చి కూర్చున్నారు.
సాయంత్రం పూట కొంగు ముడి విప్పి
చిల్లర లెక్క అడిగే ఆవిడ.
"ఎంతకి?" అంది.

గోడ గడియారంలో తొమ్మిదింబావు.
రెండున్నరకి ఇంకా చాలా టైముంది.