పోచుబాయి తిప్ప

సిరొంచ కాడ ప్రాణహిత ఎండలకు వెనక్కి జరిగింది.
పుచ్చగింజలు పెడుతున్నం, నేనూ నా బిడ్డ మల్లుబాయీ.
మరాఠీ పుస్తకంల చదివింది తెలుగుల చెప్తున్నది:
"మైక్రోనేషియా అంటే చిన్న దీవులంట. గ్రీకు మాట."
"ఆ దీవులోళ్లు గ్రీకు మాట్లాడుతరా?"
"లేదమ్మా. ఓడల వచ్చినోళ్లు పెట్టిన్రు."

ఓడలకెళ్లి చూస్తే ఏదైనా చిన్నదే.
మోకాళ్ల మీద పాకుతూ గుంతలు తవ్వుతుంటే ఈ ఇసుక
పొద్దు గూకినా ఒడవదు.
దీని పేరు పోచుబాయి తిప్ప.
మా అత్త. మొదలు ఇక్కడ గింజేసింది ఆమెనే.
వానలకు మునిగి, మళ్లీ యాడ తేలినా అదే పేరు.

ఆఫీసు కాగితంల మా ఊరి పక్కన
'సరిహద్దు గ్రామం' అని రాసున్నది.
ఏ ఓడలకెళ్లి చూసిన్రో.

నీళ్లు పొయ్యవే, గింజ ఎండుతున్నది.