వినబడని చోట గీత

మగ్గం గుంత పూడ్చనియ్యలేదు మా పెద్దమ్మ.
"ఉండనీ, కాళ్లకు సల్లగుంటది" అన్నది.
గుంత మీద సగానికి చెక్కపలక ఏసి
దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్న.
కింద, తొక్కుడుచెక్కలు ఆడిన చోటనే
నా ఫుట్ పెడల్.
ఎడమకు తొక్కితే మాట వెనక్కి పోతది,
నడుమ తొక్కితే నడుస్తది,
కాలు తీస్తే డాక్టరు నోరు మూస్తడు.
చండూరుల ఒక డాక్టరు నోరు మూయించగల ఆడమనిషిని
నేనొక్కదాన్నే.

రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ పొద్దు నడినెత్తిన.
ఫైల్లు దిగుతయి.
ఒకాయన కారు నడుపుకుంట చెప్తడు, హారన్లు గూడ ఇనొస్తయి.
ఒకామె ఏదో నములుకుంట చెప్తది, కరకర, కాలేయం, కరకర, మూత్రపిండం.
ఒకాయనకు ఎప్పుడూ జలుబు;
మూడేండ్లాయె, తన జలుబుకు మాత్రం మందు రాసుకోడు.
హైపర్ అన్నడో హైపో అన్నడో
ఒక్క అక్షరం పొల్లుపోతే
ఎక్కడనో ఒక మనిషికి ఎక్కిన బీపీ దిగినట్టు పడ్తది.
అందుకే నాలుగుసార్లు వెనక్కి తొక్కుత.
అప్పటికీ తెలవకపోతే
అక్కడొక గీత గీసి, నిమిషం సెకండు ఏసి ముందుకు పోవాలె.
రూలు అది: వినబడని చోట గీత. ఊహించి రాయొద్దు.

అరవై ఐదు అక్షరాలకు ఒక లైను.
లైనుకు ఇన్ని పైసలు.
ఖాళీలు గూడ అక్షరాల కిందికే లెక్క.
పోయినేడు నుంచి మిషినే ముందుగాల వింటున్నది,
దాని తప్పులు ఏరుడే నా పని, సగం ధరకు.
పెద్దమ్మకు చెప్తే నవ్వింది,
పవర్‌లూమ్ వచ్చిన యేడు గుర్తుకొచ్చి.
"పోగు తెగితే దానికి ముడి ఏసుడు రాదు గదనే" అన్నది.

అండాలు పెద్దమ్మ మోకాళ్లు మడిస్తే సాగవు, చాపితే మడవవు.
నలభై ఏండ్ల బోరింగు నీళ్లు
లోపల సున్నమై కూసున్నయి.
ఇప్పుడు నల్లాల మంచి నీళ్లే వస్తున్నయి.
నా పండ్లకు గూడ ఆ పాత నీళ్ల గుర్తు, పచ్చజొన్న రంగు.
ఈ పనిల నాకు నచ్చిందేందంటే
ఎవ్వరూ నన్ను నవ్వమనరు.

నిద్ర పట్టక గోడకానుకోని అడుగుతది:
"నిన్న కుక్క గుంజితే పడ్డ మోకాలాయన ఎట్లున్నడే?"
నాకేం తెలుసు. ఫైలు ఒక్కసారే వస్తది.
పేరుండదు, మల్లెన్నడూ కనబడడు.
"నడుస్తున్నడట" అంట.
"కుక్కను పట్టుకోనా?"
"ఆ, కుక్కను పట్టుకోనే."
ఊహించొద్దన్న రూలు
రాసుడుకే గద.

మొన్న నల్లగొండ పెద్దదవాఖానకు పట్కపోయిన.
టోకెను నూటపదకొండు. లోపల రెండు నిమిషాలు.
ఆయన మొకమెత్తలే. ఏమంటం, ఎనుక లైను గేటు దాక ఉన్నది.
బస్సుల చీటీ నా చేతికిచ్చి "చదువు" అన్నది.
రెండు గోలీలు, ఒక మలాం, కోడి గీరినట్టు ఒక సంతకం.
"నా గురించి గంతేనా?"
గా మోకాలాయనకు మూడు పేజీలు కొట్టిన అని
ఆమెకు చెప్పింది నేనే.

ఆ రాత్రి ఫైల్లు తక్కువ.
కొత్త పేజీ తెరిచిన, తెలుగుల.
"ఎప్పటిసంది నొప్పి?"
"నొప్పా... నొప్పేం లేదు" అన్నది ముందుగాల.
నొప్పి లేదంటున్నది, అని కొట్టిన; అక్కడోళ్లకూ ఇట్లనే కొడుత.
తర్వాత చెప్పింది.
పట్టుచీర సగంల ఉండంగ
కాలు తొక్కుడుచెక్క మీది నుంచి లేవని పొద్దు,
ఇద్దరు మొగోళ్లు చంకల చేతులు పెట్టి
గుంతల నుంచి తీసినప్పటి సిగ్గు,
ఆ చీర ఇంకొకరి చేతుల ముగిసిందని, దాని రంగేమో...
రంగు చెప్పకుండనే ఆగింది.

నా కాలు పెడల్ మీదనే ఉన్నది.
వెనక్కి తొక్కితే వచ్చే మాట కాదు.
గీత గీసి టైము ఏసిన, రెండుంబావు.

"ఇదంతా కొడితే లైనుకెంతిస్తరే?"
"దీనికి ఎవ్వరియ్యరు పెద్దమ్మా."
"మరి నేను ఊకున్నది?"
"అది గూడ లెక్కనే" అన్న.

అంతల ఫైలొకటి దిగింది.
జలుబాయన.