లేదా

గుణుపురంలో, ధాన్యం మండి పక్కగదిలో కూర్చుని
మిషను చదువుకునే వాక్యం ఒకటి రాశాను:
పట్టాలో పేరు కలిసిందా, లేదా
కౌలు కాగితం ఉందా.
రెంటిలో ఒకటి నిజమైతే చాలు,
టోకెన్ ఇచ్చెయ్.

మూడు వారాలు బాగానే నడిచిందనుకున్నాను.
మార్గశిరం చలిలో, బస్తాల మీద మంచు ఆరకముందే
వజ్రమ్మ వచ్చింది.
కౌలు కాగితం కొంగున ముడేసి ఉంది.
తెర మీద ఒకటే మాట: లేదు.

"లేదని ఎవుల్నడిగి సెప్పిందమ్మా నీ మిషను?
నా కాయితం నేనింకా ఇప్పనేదు."

ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
ఇన్వర్టరు కీచుమంటుంటే ఒక్కో వరుసా దిగుతూ పోయాను.
ఇంట్లో వజ్రమ్మ, రికార్డులో బజ్రమ్మ.
ఒడియా అక్షరాల్లోకి అడుగుపెడితే
మన వకారం బకారమైపోతుంది,
వంశధారంతటిదే బంశధార.

పేర్లు పోల్చే చోట మిషను
ఔననలేదు, కాదనలేదు,
కెవ్వుమంది.
ఆ కేక బయటికి రాకుండా
వాక్యం మొత్తానికీ గోనెసంచి కప్పింది నేనే.
పెద్ద ఆఫీసరు చూడ్డానికొచ్చే రోజున
ఎర్ర అక్షరాలు పడకూడదని,
ఏ పొరపాటొచ్చినా 'లేదు' అనమన్నాను.

'లేదా' దాకా నడకే సాగలేదు.
కుడిపక్క ప్రశ్న
కొంగుముడితో సహా గుమ్మంలోనే నిలబడిపోయింది.

మా అమ్మ మాటల్లో కాదు వేరు, లేదు వేరు,
ఏమో అనేది మరీ వేరు.
నేను రాసిన దాంట్లో
మూడూ కలిపి ఒక సున్నా.

దిద్దడానికి నాలుగు నిమిషాలు.
సంచి లాగి మొదటి ప్రశ్న వరకే కప్పాను:
దీనికి నోరు పెగలకపోతే రెండోదాన్ని అడుగు.
పొద్దున్నే వజ్రమ్మకి టోకెన్, నూట పద్దెనిమిది.
చేతిలో పెట్టినా నమ్మలేదు,
వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

ఆ తర్వాత పాత చిట్టా తెరిచాను.
రెండువందల ఆరు 'లేదు'లు.
నిజంగా లేనివాళ్లెవరో,
అడక్కుండానే పంపేసినవాళ్లెవరో
చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు.
మింగించింది నేనే కదా.

ఫోను తీశాను.
మొదటి పేరు బాసుదేబ సబర.
చాలాసేపు మోగాక ఎత్తారు.
"వాసుదేవ సవర గారాండీ, లేదా..."

"ఎవులైతే ఏటమ్మా.
దాన్యం మొన్నే దలారీకి తోలేసినాం."