పాలపన్ను కింద

రేపు కొత్త సంవత్సరం.
పసుపు పూల కట్టలు పట్టుకుని పిల్లలు
అడిస్ అబాబా వీధుల్లో గుమ్మం గుమ్మం తిరుగుతారు.
చర్చిలో అబ్బా తెన్సాయే లేచి నిలబడి
లోకం పుట్టి ఎన్నేళ్ళయిందో చదువుతాడు.
ఏడువేల అయిదువందల పైచిలుకు.
ఆ పైచిలుకుతో సహా నాకు కంఠతా వచ్చు,
నాన్న వేళ్ళమీద నేర్పాడు.

నా బల్ల మీదున్న దవడకి ముప్ఫై లక్షలు.
పైచిలుకు ఎవరూ లెక్కపెట్టలేదు.

పదకొండు నెలలుగా దీని మీదే ఉన్నాను.
సూక్ష్మదర్శిని కింద, గాలికి అదిరే సూదితో
ఒక్కో ఇసుక రేణువునీ బతిమాలి ఊడదీస్తాను.
తొందరపడితే పన్ను పోతుంది.
బుధ, శుక్రవారాలు మూడింటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టను.
చెయ్యి వణికేదీ ఆ రోజుల్లోనే,
నా మంచి పనంతా జరిగిందీ ఆ రోజుల్లోనే.
ఎందుకని అడక్కండి. నాకూ తెలీదు.

పక్క బల్ల కుర్రాడు బిస్రాత్ నవ్వుతాడు:
"అస్కాలె, మెళ్ళో ఆ నల్లదారం, చేతిలో ఈ దవడ!
రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు."
నాకున్నది ఒకటే పడవ నాయనా,
అది కారుతోంది,
నీళ్ళు తోడుతున్నాను.

నిన్న ఒప్పుకోలుకి వెళ్ళాను.
అబ్బాకి చూపు పోయి నాలుగేళ్ళు.
కర్రకి గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు.
"లెక్క సంగతేనా?" అన్నాడు, నన్ను నోరు విప్పనీకుండా.
"ఆ అంకె నా గొంతు కోసం. నేను పాడతాను.
దేవుడు నా లెక్కలో పుట్టలేదు. ఇంకేం?"

ఇంకేం అంటే, తండ్రీ,
ఇది చంటిపిల్ల.
మూడేళ్ళు నిండలేదు.
వరదో, మొసలో, ఆకలో.
ఇలాంటివి ఎన్ని? మట్టి కింద, పేరు లేకుండా,
లక్షలూ లక్షలూ.
ఒకళ్ళ పన్ను కాస్త గట్టిపడటానికి
తక్కినవాళ్ళంతా రాలిపోయిన పద్ధతి ఇది.
ఆయన మట్టిముద్ద పిసికి ఊపిరి ఊదాడంటే నమ్ముతాను.
ఎంతసేపు పిసికాడన్నది నాకు పట్టదు.
ఇన్ని ముద్దలు పారేశాడంటేనే
ఆదివారం ఆయన రొట్టె నాకు గొంతు దిగటం లేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
రేకుల మీద వాన.
తర్వాత అడిగాడు: "దాని తల్లి ఏడ్చిందా?"
ఎముక ఆ సంగతి చెప్పదన్నాను.
"ఎవరూ ఏడవలేదని చెబుతుందా?"
అదీ చెప్పదన్నాను.
"అయితే నలభయ్యో రోజు కూడా ఎవరూ చేసుండరు."
నా నుదుటికి శిలువ ఆనించాడు. చల్లటి ఇత్తడి.
"పేరు చెప్పు, ప్రార్థనలో చదువుతాను."
పేరు లేదు. మ్యూజియం నంబరుంది.
"అదే చెప్పు."

రెండక్షరాలు, ఒక గీత, నాలుగంకెలు.
అబ్బా వాటిని గీయెజు భాషలోకి మార్చుకుంటూ చదివాడు.
ఆ పాత అంకెల్లో సున్నాకి గుర్తు లేదు.
అక్కడికొచ్చేసరికి ఆగి
ఊపిరి తీసుకుని వదిలాడు.

ఇది సమాధానం కాదు.
నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.
బిస్రాత్‌కి చెబితే నవ్వుతాడేమో,
లేక ఈసారి నవ్వడేమో. ఇంకా చెప్పలేదు.

ఇవాళ సాయంత్రం ఆఖరి రేణువు ఊడింది.
పాలపన్ను వేళ్ళ కింద, ఎముక చీలికలో
రెండో పన్ను కనబడింది,
ఇంకా చిగురు చీల్చని మొగ్గ.
మరో ఏడెనిమిదేళ్ళకి పైకి రావలసింది.
ముప్ఫై లక్షల ఏళ్ళుగా వస్తూనే ఉంది.

దీపం ఆర్పలేదు నేను.
కిటికీ కింద పిల్లలు
రేపటి పాట సాధన చేస్తున్నారు,
తప్పుతున్నారు,
మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటున్నారు.