కొసరు

నవంబరు ఆఖరి శుక్రవారం.
గ్దాన్స్క్‌లో మూడున్నరకే చీకటి దిగి
ట్రాములు దీపాలు పెట్టుకున్నాయి.
మా కొట్టు గాజు మీద ఎర్ర అక్షరాలు
నిన్న రాత్రి నేనే అంటించాను,
నాలుగు వేళ్లకి జిగురు ఇంకా వదల్లేదు.

హల్ష్కా వచ్చింది.
ముప్పయ్యారేళ్లు ఓడల కార్ఖానాలో
అతుకులు పరీక్షించిన మనిషి.
టార్చి వేసి, గోటితో గీరి,
"ఇది సముద్రానికి పనికిరాదు" అని చెప్పడమే
ఆమె ఉద్యోగం.
ఇప్పుడు పింఛను.
చలికాలం బాల్టిక్ ఒడ్డున దిగే పొడుగుతోక బాతుల్ని
ఫొటోలు తీయాలట.

పెట్టె చూపించాను.
అద్దం లేని కెమెరా, చిన్న లెన్సు,
సంచీ, మూడుకాళ్ల స్టాండు, మెమరీ కార్డు,
తుడిచే గుడ్డ కూడా.
"ఏడువందల జ్లోటీల సరుకు ఉచితం" అన్నాను,
వారం రోజులుగా అంటున్న గొంతుతోనే.

ఆమె కెమెరా ముట్టుకోలేదు.
ముందు సంచీ కుట్టు లాగి చూసింది.
స్టాండు కాళ్లు విప్పి బల్లమీద నిలబెట్టి
వేలితో తాకింది,
అప్పుడే పుట్టిన దూడలా వణికింది.
కార్డు మీది చీమతల అక్షరాలు
భూతద్దంతో చదివి
"ఇది నత్త. బాతు ఎగిరి స్వీడన్ చేరాక
మొదటి ఫొటో రాసుకుంటుంది" అంది.

తర్వాత ధర.
మా దేశంలో చట్టం ఉంది:
తగ్గింపు పక్కనే, గడిచిన ముప్పై రోజుల్లోని
అతి తక్కువ ధర రాయాలి.
రాశాం. నిజమే రాశాం.
ఆమె కోటు జేబులోంచి గళ్ల నోటుబుక్కు తీసింది.
ఆగస్టు నుంచి వారం వారం ధరలు, పెన్సిలుతో.
అక్టోబరు పదిహేడున
ఒక్కసారిగా గెంతిన అంకె కింద రెండు గీతలు.
"ముప్పై రోజులకి ముందే పెంచితే
చట్టం కంటికి ఆనదు కదా, బాబూ."
ఆ చీటీ కూడా నేనే అంటించాను.
ఏం చెప్పను?
హీటరు మరీ వేడిగా ఉందన్నాను.

"ఇవేవీ వద్దు, ఒట్టి కెమెరా ఎంత?"
గొంతు తగ్గించి చెప్పాను:
ఒట్టిది కొంటే, అన్నీ కలిపిన దానికన్నా వంద ఎక్కువ.
ఆమె నవ్వలేదు.
"అంటే ఈ చెత్త మోసుకుపోయినందుకు
నాకు వంద కూలి ఇస్తున్నారన్నమాట."

బయట ట్రాము వెళ్లేదాకా ఆగి
బల్ల చివర గొలుసుకి కట్టిన దాన్ని చూపించింది.
నిరుటి మోడల్.
ఏడాదంతా ఊళ్లో పిల్లల జిడ్డువేళ్లు తిన్నది.
"దీని షట్టరు ఎన్నిసార్లు కొట్టుకుంది?"
ఎవరూ అడగని ప్రశ్న. లోపలి మెనూలో వెతికాను:
మూడువేల నూట పద్నాలుగు.
లెన్సు కూర్చునే లోహాన్ని గోటితో గీరింది,
సెన్సరు మీద టార్చి వేసింది,
రబ్బరు కాస్త లేచిన చోట
బొటనవేలు ఆనించి అలాగే ఉంచింది.
"ఇది తేలుతుంది."

పెట్టె లేదు, సంచీ లేదు, సగం ధర.
వారంటీ కాగితం మాత్రం రెండుసార్లు చదివింది.
నోట్లు లెక్కపెట్టి ఇచ్చాక
బంగాళాదుంపల బండి ముందు నిలబడ్డట్టు
కదలకుండా నిలబడింది:
"మరి కొసరు?"

సొరుగు అడుగున ఇత్తడి ఉంగరం ఒకటి ఉంది,
పాత సోవియట్ లెన్సుల్ని కొత్త కెమెరాకి కలిపేది.
ఎన్నాళ్లుగా పడి ఉందో,
అమ్మకం చీటీ కూడా లేదు దానికి.
ఆమె చేతిసంచీలోంచి మేజోడులో చుట్టిన లెన్సు బయటికొచ్చింది.
తిప్పింది. పట్టింది.
అతుకు సరిగ్గా కూర్చున్న చప్పుడు
ఇద్దరం విన్నాం.

మధ్యలో అద్దం తీసేశారు కనకే
అంత పాత కన్నుకి ఇంత దగ్గరగా చోటు దొరికిందని
నేను మొదలుపెట్టేలోగా
నావైపు తిప్పి నొక్కింది.
తెరమీద జిగురంటిన నాలుగు వేళ్లు,
వెనక, ఫోకసు అందక,
ఎర్రగా అలుక్కుపోయిన మా తగ్గింపు.
మూడువేల నూట పదిహేను.

తలుపు మూసుకుంది.
ఆమె తెచ్చిన చలి కొంచెం లోపలే ఉండిపోయింది.
తర్వాతి మనిషి అడిగాడు:
"ఆ స్టాండు నిజంగా ఉచితమేనా?"
నేను కాళ్లు విప్పి
బల్లమీద నిలబెట్టి
వేలితో తాకాను.