పదకొండింటి రోగం

నా ముందర మాత్రం ఎన్నడూ ఆగది.
తాళం తిప్పంగనే వెనక సీటు కింద పంపు
రెండు సెకన్లు గుయ్యిమని ఊకుంటది,
ఇంజను అందుకుంటది.
పెద్దసారు తనిఖీకొచ్చిన నాటి బడి లెక్క
ఎంత బుద్ధిగ ఉంటదో!

తొంభై మూడు మోడల్ హోండా.
డిక్కీల ఐసుపెట్టె, పెట్టెల వంజరం చేపలు.
బర్కా సముద్రం కాడ ఎక్కిచ్చుకొని
నఖల్ కొండల దిక్కు అమ్ముకపోయే ఖల్ఫాన్
మూడోపారి వచ్చిండు మా సనయ్యకు.
"సయ్యారా ఖలాస్" అంటడు,
చెయ్యెత్తి ఆకాశం జూపిస్తడు
తప్పంతా సూర్యునిదే అన్నట్టు.

పోయినేడు ఒకడు పంపు మార్చిండట.
మొన్న ఇంకొకడు ఆ పంపును మార్చిండట.
ఇప్పుడు మూడోది నేనేస్తే ముప్పై రియాళ్లు.
ముప్పై రియాళ్లంటే ఎన్ని చేపలో
ఆయన గోళ్లల్ల ఇరుక్కున్న పొలుసుకు ఎరుక.

గేజి పెట్టిన. ముల్లు ఉండాల్సిన కాడనే ఉంది.
ట్యాంకు మీద గుద్దిన, ఫిల్టరు ఊదిన,
వైర్లు గుంజి చూసిన.
అంతా మంచిగనే ఉంది.
మంచిగున్నదాన్ని ఏమని బాగుచెయ్యాలె?

గప్పుడు యాదికొచ్చిండు మా రూముల పోశెట్టి.
సైటు మీద రెండుసార్లు కూలవడ్డడు,
రెండుసార్లూ పొద్దెక్కినంక, భుజం మీద బస్తా ఉండంగ.
క్లినిక్కుకు పోయేసరికి రెండుసార్లూ రాత్రి ఎనిమిది.
ఏసీల పండవెట్టి, బీపీ చూసి
నార్మల్ అని రాసిచ్చిండ్రు.
ఆ కాయిదం చూసి ఫోర్‌మన్ నవ్విండు.
పోశెట్టి కూడ నవ్విండు. గదే మాకు భయమైంది.

ఖల్ఫాన్‌తోని అన్న: రేపు నీ ఎంబడి నేనొస్త.
నీ చేపలు, నీ తొవ్వ, నీ టైము.
అద్దాలు మాత్రం దించొద్దు.

పంపుకు పోయే తీగకు చిన్న బల్బు కట్టి
వైరు ముందరిదాక గుంజి
డ్యాష్‌బోర్డు మీద టేపుతోని అంటిచ్చిన.
బండి ఆగినంక బల్బు వెలుగుతుంటే తప్పు పంపుది.
బల్బు గూడ ఆరితే
పంపు పాపం, దానికి బువ్వే అందలే.

పదింటికి బర్కా దాటినం.
ఖల్ఫాన్ రేడియో బంద్ చేసిండు.
ఆయన తొవ్వ చూసుకుంట, నేను బల్బు చూసుకుంట,
మా ఇద్దరి చెమట, చేపల నీసు.
రెండూర్లు తిరిగినం. తూకం, బేరం, మల్ల తాళం.
గుయ్యిమన్నది, కదిలింది.
బండి చెడిపోవాలని ఇంతగనం మొక్కిన మెకానిక్కు
ఒమాన్ మొత్తంల ఇంకొకడు ఉండడు.

పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ, ఎక్కుడు మీద,
బల్బు రెప్పకొట్టింది.
మల్లొకసారి.
ఆరింది.
బండి ఒక్క దగ్గు దగ్గి పక్కకు ఒరిగింది.

"దొరికిందిరో!" అని తెలుగుల ఒర్రిన.
ఖల్ఫాన్‌కు అర్థమైంది.

స్టీరింగు కింద కాగిన రిలే డబ్బ ఇప్పి
బోర్లించి ఎండకు పట్టిన.
టంకం చుక్క చుట్టూత ఒక గీర,
వెంట్రుక కన్న సన్నం.
సల్లగుంటె కలుస్తది, కాగితె విడిపోతది.
అదెన్నడూ అబద్ధమాడలే.
అడిగినోళ్లమే తప్పు గంటల అడిగినం.

జొన్నగింజంత టంకం పెట్టిన.
రెండు రియాళ్లు, ఒక చేప ఇచ్చిండు.

రాత్రి పులుసు కాడ పోశెట్టికి చెప్పిన:
రేపు డ్యూటీ నడుమల, పదకొండింటికి,
ఎండలకెళ్లి సీదా క్లినిక్కుకు పోతున్నం.
నీడకు కూసునుడు లేదు, నీళ్లు సల్లుకునుడు లేదు.
ఉన్నదున్నట్టు డాక్టరు కండ్ల పడాలె నువ్వు.
ఖల్ఫాన్ బండి అడిగిన.

ముల్లు తీస్తున్న వేళ్లు ఆగినయి.
"అద్దాలన్న దించనిస్తవా?" అన్నడు.

"దించనియ్య" అన్న.