తేమ శాతం

మొదటి ప్రశ్న అదేనంట:
మీ గురించి చెప్పండి.
గీతల కాగితం మీద మూడుసార్లు రాసిన,
మూడుసార్లు కొట్టేసిన.
పేరు ఐతరాజు నవనీత.
ఊరు చండూరు అవతల.
నల్లగొండల డిగ్రీ, లెక్కలు.
తర్వాత...
ఈడికొచ్చి పెన్ను ఆగుతది.

తర్వాత రెండేండ్లు ఏం చేసిన్రు అని
తప్పకుండ అడుగుతరంట.
పోయినేడు సీటు కొట్టిన పరమేశ్ ఫోన్ల చెప్పిండు:
"గ్యాపు అనకు, అనుభవం అను.
నవ్వుకుంట చెప్పు, మరీ ఎక్కువ నవ్వకు."
అద్దం ముంగట నిలవడి నవ్వి చూసుకున్న.
ఎంతదాక నవ్వితే ఎక్కువో
పరమేశ్ చెప్పలే.

రెండేండ్లు పత్తి మిల్లుల ఉన్న సార్.
చిట్యాల రోడ్డు మీద, కాంట గదిల.
ట్రాలీ నిండుగ వస్తే ఒక బరువు,
ఖాళీగ మళ్లితే ఒక బరువు,
నడుమ ఉన్నది రైతుది.
అంత అల్కగ ఉంటే లెక్కలు చదువుడెందుకు?
దాని తర్వాత తేమ మిషిను.
రెండు పుల్లలు పత్తిల గుచ్చుతే అంకె పడ్తది.
ఎనిమిదైతే పూర ధర.
పన్నెండు దాటితే బండి ఎనుకకు.

కనగల్లు దిక్కుకెల్లి ఒకామె వొచ్చింది, అలివేలు.
పదమూడు పడ్డది.
రెండు దినాలు టార్పాలిన్ పరిచి
మిల్లు ముంగటనే ఎండబోసుకున్నది.
కార్తీకపు ఎండ, పెదవులు పగిలే గాలి.
మళ్ల గుచ్చితే మళ్ల పదమూడు.
"మిషిను అబద్ధమాడదు గదా బిడ్డా" అన్నది నన్నే చూసుకుంట.

నేను గుప్పెడు పత్తి కవర్ల కట్టి
కాలేజీ ల్యాబు అటెండర్ను బతిమాలి
ఓవెన్ల పెట్టించి ముందూ ఎనుకా తూచిన.
పదిన్నర.
తెల్లారి అదే బస్తాల నలభై సార్లు గుచ్చిన.
చీటీల బుక్కు వెనుక అట్ట మీద రాసిన.
నలభైల ఒక్కసారన్న
పదిన్నర కిందికి దిగలే.

తప్పంటే అటు కొంత ఇటు కొంత పడాలె సార్.
ఒక్క దిక్కే పడేదాన్ని
మా ఊర్లె తప్పనరు.
పుస్తకాల దానికో పేరుంటదని తర్వాత తెలిసింది.
పేరు దొరికిన రోజు రాత్రి నిద్ర పట్టలే.
గందుకే ఈ సబ్జెక్టు.

పరమేశ్ వద్దన్నడు.
"ఫిర్యాదు పెట్టనీకి వొచ్చినట్టుంటది.
చిన్నప్పటి సంది స్టాటిస్టిక్స్ అంటే ప్రాణం, అను."
చిన్నప్పుడు నాకు ప్రాణమైనవి
గుట్ట మీది సీతాఫలాలు,
టీవీల వాన సంగతి చెప్పే అక్క ముక్కుపుడక.

మీ బలహీనత?
"ఎక్కువ కష్టపడుడు అని చెప్పు,
అందరు అదే చెప్తరు."
అది రాసుకున్న. నీట్‌గ వొచ్చింది.
దాని కింద, పెన్సిల్తోని:
నాకు కార్తీకంల తెలిసింది.
శివరాత్రి దాక అవే చీటీలు రాసిన.
పదమూడు, పదమూడున్నర, పదమూడు.
నా చేతిరాత మంచిగుంటదని
సేటు మెచ్చుకుంటుండె.
నెలకు తొమ్మిది వేలు.

నిన్న అన్నం కాడ
బేళ్ల మీద కూసోని హమాలి జానయ్య
పరీక్ష పెట్టిండు నాకు.
"నీ పేరేంది? ఎవలి బిడ్డవు?
ఈ చదువు సదివితే ఏం కొలుస్తవ్?"
మూడోదానికి నేను తడబడ్డ.
ఆయన పచ్చిమిరపకాయ కొరికి అన్నడు:
"ఏ కాంట ఎక్కినా, ఎక్కకముందే సున్న చూస్కో.
ఎక్కినంక అడిగితే ఎవడూ చెప్పడు."

ఆఖరికి
మమ్మల్నేమన్న అడుగుతరా? అంటరంట.
రాసుకున్న:
మీరు మనుషుల్ని తూచే మిషిను
ఆఖరిసారి ఎప్పుడు సరిచూసిన్రు?
పరమేశ్ చూస్తే నెత్తి కొట్టుకుంటడు.
దాని పక్కకు ఇంకోటి రాసిపెట్టిన,
హాస్టల్ ఫీజు కిస్తీలల్ల కట్టొచ్చునా?

బస్సు ఐదుంబావుకు.
ఏది అడుగుతనో
నార్కట్‌పల్లి దాటినంక చూడాలె.